స్నేహం వేరు, లెక్క వేరు



బాలు మనవాడని పళ్ళిపట్టులో చెప్పుకోనివాళ్ళు లేరు. ఎస్పీ బాలసుబ్రహ్మణ్యం 1946లో కోనేటమ్మపేటలో పుట్టారు. అప్పుడది చిత్తూరు జిల్లా; 1960లో మనతోబాటే మద్రాసు రాష్ట్రంలోకి వచ్చింది. 2020లో ఆయన్ని మట్టిచేసింది కూడా మన తిరువళ్ళూరు జిల్లాలోనే, తామరైపాక్కంలో. ఆయన పాటల గురించి ఎంతైనా మాట్లాడతాం. పేరు, డబ్బు, తోటి వాద్యగాళ్ళ సంగతి వస్తే మాత్రం కోపమే మాట్లాడుతుంది.

తొలిరోజుల్లో ఆయన కచేరీ బృందంలో ఇళయరాజా, ఆయన అన్న భాస్కర్, తమ్ముడు గంగై అమరన్ వాయించేవారు. 1966లో మొదటి పాట పాడించిన కోదండపాణి గారి పేరే తన రికార్డింగు థియేటరుకు, సినిమా కంపెనీకి పెట్టుకున్నారు బాలు. 'శుభసంకల్పం' ఆ కంపెనీదే. వ్యాపారంలోనూ గురువును మరవని మనిషి. అలాంటివారికే 2017లో అమెరికా కచేరీల నడుమ ఇళయరాజా తరఫున లాయరు నోటీసు వచ్చింది, అనుమతి లేకుండా తన పాటలు పాడరాదని. బాలు చట్టానికి తలవంచి ఆ పాటలు ఆపేశారు.

పాత మిత్రుడికి నోటీసా అని మన సంఘంలో ఇప్పటికీ రాజాను తిట్టేవాళ్ళున్నారు. మేము ఒప్పుకోము. రైల్వేలో గుమాస్తాగిరీ చేసిన చేతులు మావి. రసీదు లేకుండా సరుకు వదలమంటే తెలిసినవాడైనా వదలం. అది పగ కాదు, పద్ధతి. పాట కట్టినవాడికి హక్కుంది. సినిమా పాటల రాయల్టీలో రాసినవారికి, స్వరం కట్టినవారికి వాటా ఉండాలని 2012 చట్ట సవరణే చెప్పింది. అయితే మనసు నొచ్చుకున్నది హక్కుకు కాదు, ముందు ఒక మాట మాట్లాడుకోకుండా కాగితం రావడానికి. అక్కడ బాలు బాధా న్యాయమే.

ఇంగ్లీషు రాక్ పాటగాడు కీత్ రిచర్డ్స్ 2010లో తన జీవితకథ రాస్తూ మిక్ జాగర్‌తో ఉన్న మనస్పర్థలన్నీ బయటపెట్టాడు. మనవాళ్ళు పుస్తకం రాయలేదు గానీ 2019లో మళ్ళీ కలిశారు. బాలు ఆస్పత్రిలో ఉన్నప్పుడు లేచి రమ్మని రాజా వీడియోలో పిలిచారు.

మన పిల్లలూ ఉగాదికి, పెళ్ళిళ్ళకు ఆర్కెస్ట్రా కడుతున్నారు. కీబోర్డు ఎవరిది, అడ్వాన్సులో ఎవరికెంత, ఒకడు మానుకుంటే ఏం చేయాలి? స్నేహం బాగున్నప్పుడే ఒక కాగితం మీద రాసుకోండి నాయనా. కావాలంటే సాయంత్రం రండి, ఆ కాగితం మేము రాసిపెడతాం. మేము బడిలో చదివింది అరవం; తెలుగులో తప్పులుంటే మీరు దిద్దండి.