ఫొటో పారిపోతోందా?

కంప్యూటర్‌లో, వర్డ్‌లో రెజ్యూమె చేస్తున్నారు. పైన ఫొటో పెట్టగానే పేరు, ఫోన్ నంబరు ఎక్కడికో జారిపోయాయి. అప్‌లోడ్‌కి ఇంకా పావుగంటే టైముంది! కంగారొద్దు. వర్డ్ మామూలుగా ఫొటోని లైన్లో ఒక పెద్ద అక్షరంలా చూస్తుంది. అందుకే లైను ఎత్తు పెరిగి మిగతాదంతా కిందికి పోతుంది. ఫొటో మీద క్లిక్ చేస్తే పక్కనే లేఅవుట్ ఆప్షన్స్ గుర్తు వస్తుంది. అందులో ‘స్క్వేర్’ ఎంచుకోండి, అక్షరాలు ఫొటో పక్కనే సర్దుకుంటాయి. ‘ఫిక్స్ పొజిషన్ ఆన్ పేజ్’ కూడా నొక్కితే లైన్లు చేర్చినా ఫొటో చోటు మారదు.

ఒక్క జాగ్రత్త. ఫొటో పక్కన కనిపించే చిన్న లంగరు బొమ్మ ఏ పేరా దగ్గరుంటే ఫొటో దానికే కట్టేసి ఉన్నట్టు. ఆ పేరా మొత్తం డిలీట్ చేస్తే ఫొటో కూడా గల్లంతే. (నేనూ ఓసారి పోగొట్టుకున్నా, కంట్రోల్ జెడ్ కాపాడింది.)

ఎక్సెల్‌లో అయితే ఫార్మాట్ పిక్చర్‌లో ప్రాపర్టీస్‌కి వెళ్లి ‘మూవ్ బట్ డోంట్ సైజ్ విత్ సెల్స్’ పెట్టండి. వరుస ఎత్తు మార్చినా లోగో సాగదు.