అడుగున తొడిగే కవచం

మనవాళ్ళు బండికి చేయించే సింగారమంతా ఎదుటివాడి కంటికోసమే. కొత్త జీపు ఇంటికి వచ్చిన వారంలోపే ముందు గొట్టాల బంపరు, దాని నెత్తిన నాలుగు దీపాలు, వెనకాల నిచ్చెన వచ్చి చేరతాయి. నేలకు జానెడు ఎత్తున, రాళ్ళకూ బురదకూ ఎదురుగా వేలాడే ఇంజిను అడుగుభాగం సంగతి మాత్రం అడిగేవాడుండడు. కనబడదు కనుక. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. దారికాని దారిన నడిచే బండికి డబ్బు పెట్టదలిస్తే ముఖానికి కాదు, కడుపుకు పెట్టాలి. అదీ, కావలసినప్పుడల్లా విప్పి చూడగలిగేలా పెట్టాలి. విప్పి చూడలేని కవచం కవచం కాదు, లోపలి రోగాన్ని దాచిపెట్టే ముసుగు.

ఇంగ్లీషువాడు దీన్ని స్కిడ్ ప్లేటు అన్నాడు. నేను అడుగుపలక అంటున్నాను. ఇంతకంటే మంచి మాట ఎవరికైనా తోస్తే చెప్పండి, సంతోషంగా మార్చుకుంటాను. ఇంజిను నూనె నిలిచే చాంబరు, గేరుబాక్సు, నాలుగు చక్రాలకూ శక్తిని పంచే ట్రాన్స్‌ఫర్ కేసు, డీజిలు ట్యాంకు, వీటి కింద చాసిస్‌కు బిగించే దళసరి పలక ఇది. రాయిని ఎదిరించి ఆగిపోవడం దీని పని కాదు. రాయి మీదుగా బండిని జారనివ్వడం దీని పని. ఆ పలక లేకపోతే దెబ్బ నేరుగా చాంబరుకే. రేకు చాంబరైతే సొట్టపడుతుంది, పోత అల్యూమినియం చాంబరైతే పగులుతుంది. సొట్టే కదా అని తేలిగ్గా తీసుకోవడానికి లేదు. నూనె పీల్చే గొట్టం నోరు చాంబరు అడుగుకు కొద్ది మిల్లీమీటర్ల ఎత్తులోనే ఉంటుంది. రేకు లోపలికి నొక్కుకుంటే ఆ నోటికి అడ్డం పడుతుంది. నూనె ఉండి కూడా ఇంజినుకు అందదు.

ఇదేదో ఈ మధ్య పుట్టిన షోకు కాదు. రెండో ప్రపంచయుద్ధంలో తిరిగిన విల్లీస్ జీపుకే గేరుబాక్సు కింద ఇలాంటి పలక ఉండేది. అంతకుముందు సంగతి కావాలంటే మన ఇళ్ళలోనే ఉంది. బండిచక్రానికి ఇనుప పట్టా కాల్చి తొడిగింది మనవాళ్ళే. ఎద్దు గిట్టలకు నాడాలు కొట్టించిందీ మనవాళ్ళే. పడవను ఒడ్డుకు లాగి, బోర్లించి, అడుగున తారు పూసిందీ మనవాళ్ళే. ఈ మూడింటిలోనూ ఒక వివేకం ఉంది. నేలకూ నీటికీ తగిలేది అసలు వస్తువు కాకూడదు. అరిగిపోవడానికని విడిగా ఒకటి పెట్టుకోవాలి. అరిగినప్పుడు దాన్ని తీసి కొత్తది వేసుకోవాలి. నాడా అరిగితే నాడా మారుస్తాం గాని ఎద్దును మార్చం కదా!

ఈ వివేకాన్ని కంపెనీలు ఎంత చమత్కారంగా వాడుకుంటున్నాయో చూడండి. నేటి నగరపు ఎస్‌యూవీల బంపరు కింద వెండిరంగులో ఒక ముక్క మెరుస్తూ ఉంటుంది. ప్రచారపత్రంలో దాని పేరు కూడా స్కిడ్ ప్లేటే. తట్టి చూస్తే చాలావాటిలో అది ప్లాస్టిక్. దాని వెనక ఇంజిను కింద ఉండే నల్లటి తొడుగు కూడా చాలా బండ్లలో ప్లాస్టిక్కే. బురద చిమ్మకుండా, గాలి సాఫీగా పోయేలా చేయడానికి అది పనికొస్తుంది. రాతిని మాత్రం ఆపలేదు. బండి కొనేవాడు చేయవలసిన మొదటి పని, పేరును నమ్మకుండా వంగి, చేయి పెట్టి తట్టి చూడడం.

ఇక ముందు తగిలించే గొట్టాల బంపరు సంగతి. 2017 డిసెంబరులో కేంద్ర రోడ్డు రవాణా మంత్రిత్వ శాఖ ఈ బుల్ బార్లు, క్రాష్ గార్డులు మోటారు వాహనాల చట్టం, 1988 లోని 52వ సెక్షనుకు విరుద్ధమని, చర్య తీసుకోవాలని రాష్ట్రాలకు రాసింది. కారణం సామాన్యమైనది కాదు. దారిన పోయే మనిషికి బండి తగిలితే మామూలు బంపరు కొంత నలిగి దెబ్బను తగ్గిస్తుంది, ఇనుప గొట్టం నలగదు. గుద్దుకున్నప్పుడు ఎయిర్‌బ్యాగులు సరిగా తెరుచుకోవడానికీ అది అడ్డు రావచ్చు. అంటే కనబడే ఆభరణం ఎదుటివాడికీ, లోపలివాడికీ ప్రమాదం తెస్తున్నది. కనబడని పలక ఎవరి జోలికీ పోకుండా తన పని తాను చేసుకుపోతుంది. అయినా మన డబ్బు మొదటిదానికే పోతున్నది.

అయితే అందరికీ అడుగుపలక కావాలా? అక్కరలేదు. ద్రాక్షారామం నుంచి కాకినాడకు తారురోడ్డు మీద పోయి వచ్చేవాడికి అది వట్టి బరువు. కార్తీకమాసంలో పంచారామాలూ ఒక్కరోజులో చుట్టి వచ్చేవారికీ అంతే. కాని తారురోడ్డు దిగితే మా సీమ వేరు. చేల మధ్య పుంతలున్నాయి. ఒకప్పుడు ఎడ్లబళ్ళు, ఇప్పుడు ట్రాక్టర్లు రెండువైపులా గాడులు తవ్వి, నడుమ దిబ్బ మిగిల్చిన దారులవి. వానాకాలంలో దమ్ముచక్రాలు ఆ గాడులను మోకాలిలోతు చేస్తాయి. ఎండాకాలానికి ఆ బంకమన్ను ఇటుకలా గట్టిపడుతుంది. చక్రాలు గాడిలో దిగితే నడిమి దిబ్బ తగిలేది బండి కడుపుకే. జిమ్నీకి నేలనుంచి 210 మిల్లీమీటర్ల ఎత్తు, 2020 నాటి థార్‌కు 226 అని చెబుతారు. గాడి లోతు అంతకు మించితే ఆ అంకెలు కాగితం మీదే. కోటిపల్లి రేవులో పంటు మీదికి బండి ఎక్కించినవారికి ఇంకో సంగతి తెలుసు. ముందుచక్రాలు పైన, వెనకచక్రాలు కింద ఉన్నప్పుడు బండి నడుము బల్ల అంచుకు రాసుకుంటుంది. అక్కడ కాపాడేది ఎత్తొక్కటే కాదు, నడిమి అడుగు ఎంత నున్నగా ఉందన్నది కూడా.

మన్యంలో సంగతి మరోరకం. రంపచోడవరం దాటి మారేడుమిల్లి వైపు పోయి, ఘాట్ రోడ్డు విడిచి గూడేలకు పోయే దారి పట్టారా, వాగుల్లో గుండ్రాళ్ళు ఎదురవుతాయి. నీళ్ళకింద ఎక్కడ ఏ రాయి ఉందో తెలియదు. అక్కడ అడుగుపలక అలంకారమూ కాదు, ఐచ్ఛికమూ కాదు.

ఈ తేడాను బట్టే పలక ఎంచుకోవాలి. ఒక చదరపు మీటరు వైశాల్యం, 3 మిల్లీమీటర్ల మందం ఉన్న ఉక్కు పలక సుమారు 23.5 కిలోలు తూగుతుంది. అదే వైశాల్యంలో 6 మిల్లీమీటర్ల అల్యూమినియం పలక సుమారు 16 కిలోలు. మందం రెండింతలు కావడం వల్ల బరువు తక్కువైనా అల్యూమినియం పలకే వంగకుండా ఎక్కువ నిలుస్తుంది. కాని అది మెత్తనిది. రాతి అంచు దాన్ని చెక్కుతుంది, పట్టుకుని ఆపుతుంది కూడా. ఉక్కు మీద రాయి జారిపోతుంది. కనుక రాళ్ళవాగుల్లో తిరిగేవాడు ఉక్కును, పుంతల్లోనూ ఇసుకలోనూ తిరిగేవాడు అల్యూమినియాన్ని ఎంచుకోవడం మేలని నా ఉద్దేశం. అయితే యానాం, తాళ్ళరేవు దిక్కున ఉప్పుగాలి ఉంది. అల్యూమినియం పలకను ఉక్కు బోల్టుతో నేరుగా బిగిస్తే, ఉప్పుతేమ సోకినచోట అల్యూమినియం తినేసుకుపోతుంది. మధ్య రబ్బరు వాషరు వేయాలి, బోల్టుకు పూత ఉండాలి.

బిగించే పద్ధతి మరీ ముఖ్యం. పలకను చాసిస్‌కే బిగించాలి, ఇంజినుకు గాని గేరుబాక్సుకు గాని కాదు. ఇంజిను రబ్బరు దిమ్మల మీద అదురుతూ ఉంటుంది, చాసిస్ అదరదు. రెండింటినీ పలకతో కలిపితే ఎక్కడో ఒకచోట విరుగుతుంది. పలకకూ చాంబరుకూ మధ్య ఖాళీ ఉండాలి, లేకపోతే పలక వంగినరోజున చాంబరూ వంగుతుంది. బోల్టుల తలలు పలకలోకి దిగి ఉండాలి, లేదా రాయి వాటినే మొదట కోసుకుపోతుంది. నూనె మార్చడానికి ఒక కిటికీ, నీరూ బురదా జారిపోవడానికి చిల్లులు, వేడి పోవడానికి దారి ఉండాలి.

కొన్ని షెడ్డుల్లో చవకగా, త్వరగా అయిపోతుందని పలకను చాసిస్‌కు వెల్డింగు చేసేస్తారు. దీన్ని నేను గట్టిగా వ్యతిరేకిస్తాను. వెల్డింగు వేడికి చాసిస్ ఉక్కు తన గుణం మార్చుకుంటుంది, అతుకు దగ్గర తుప్పు మొదలవుతుంది. అన్నిటికన్నా, ఆ పలక ఇక ఊడిరాదు. కర్ణుడి కవచం ఒంటితో పుట్టింది. తీయవలసి వచ్చిననాడు ఒళ్ళు కోసుకోవలసి వచ్చింది. మన బండికి ఆ గతి ఎందుకు? నాలుగు బోల్టులతో పోయేదానికి గ్యాసు కట్టరు పట్టవలసిన పని ఏముంది?

విప్పడం ఎందుకంటారా? పలక మీద ఏం పేరుకుంటుందో ఒకసారి చూడండి. ఒండ్రుమట్టి పేరుకుంటుంది. అది తేమను పట్టి ఉంచుతుంది, చాసిస్‌ను లోపలినుంచి తుప్పు తినిపిస్తుంది. కోతలకాలంలో గడ్డి పేరుకుంటుంది. మన పల్లెల్లో ధాన్యం, మినుము, పెసర రోడ్డు మీదే ఆరబోస్తారు, బండ్లు వాటి మీదుగానే పోతాయి. ఆ ఎండుగడ్డి పలక మీద చేరి, కాగిన సైలెన్సరు గొట్టానికి తగిలితే నిప్పుకు ఇంకేం కావాలి? ఇక చిన్న నూనెచెమ్మ. పలక లేనినాడు అది నేల మీద మచ్చయి మనల్ని హెచ్చరించేది. పలక ఉన్ననాడు ఆ చుక్క పలక మీదే ఆగిపోతుంది, మనకు తెలియదు. కవచం తొడిగాం కదా అని చూడడం మానేసినవాడికి, కవచం లేనివాడికంటే ప్రమాదం ఎక్కువ. వానాకాలం ముందొకసారి, కోతల తర్వాతొకసారి పలక దించి కడగాలి.

అది చేయలేని పనులూ ఉన్నాయి. 2022 జులై వరదల్లో లంకల కాజ్‌వేలు మునిగాయి. అలాంటి నీటిలో దిగినవాణ్ణి ఏ పలకా కాపాడదు. నీరు ఇంజినులోకి పోయేది పైనుంచి, గాలిగొట్టం గుండా. అలాగే దెబ్బ తగిలాక నూనె దీపం ఎర్రగా వెలిగినా నడుపుకుంటూ పోతే ఇంజిను పట్టేస్తుంది. మామూలు బీమా పాలసీలో అలాంటి నష్టం సాధారణంగా రాదు. మొదటి దెబ్బ ప్రమాదం, తర్వాత నడపడం మన నిర్ణయం అంటారు వాళ్ళు. పలక ఉన్నా దీపం వెలిగితే ఆగవలసిందే.

‘దారులు బాగుచేయకుండా బండ్లకు కవచాలేమిటి?’ అని ఒక మిత్రుడు అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ప్రమాణం ప్రకారం స్పీడు బ్రేకరు ఎత్తు 10 సెంటీమీటర్లు, వెడల్పు 3.7 మీటర్లు. అలా కడితే ఏ కారు అడుగూ తగలదు. ఊళ్ళలో రాత్రికి రాత్రి లేచే దిబ్బలు తగులుతున్నాయంటే, దానికి మందు పలక కాదు, పలుగు. తారురోడ్డు మీద కవచం అవసరం పడితే అది పాలన లోపం. కాని పుంత పుంతగానే ఉంటుంది, వాగు వాగుగానే ఉంటుంది. అక్కడ తిరగక తప్పని బండ్లూ ఉంటాయి.

నా బాధ ఆ బండ్ల గురించే. వారాంతంలో బురద చల్లుకుని ఫొటోలు తీసుకునే బండికి అన్ని హంగులూ ఉంటాయి. గూడెం నుంచి జ్వరంతో ఉన్నవాణ్ణి, నెలలు నిండిన మనిషిని ఆసుపత్రికి దించే పాత జీపుకు చాంబరు కింద ఏమీ ఉండదు. రొయ్యల చెరువు గట్ల మీద రాత్రిపూట తిరిగే బొలేరోకూ అంతే. మొదటిది వాగులో ఆగిపోతే అది ఒక కబురు, నలుగురికీ చెప్పుకుంటారు. రెండోది ఆగిపోతే లోపలున్న మనిషి ప్రాణం మీదికి వస్తుంది. అలాంటి బండి మీకు ఉన్నా, మీకు తెలిసినవాళ్ళకు ఉన్నా, ఈసారి సర్వీసింగుకు పోయినప్పుడు పైన రంగు సంగతి తర్వాత చూడమని, ముందు జాకీ ఎత్తించి కింద చూపించమని అడగండి.