పాత జీపుకు డిస్కు బ్రేకులా? వెనక నుంచి మొదలెట్టకండి!

కదలని బండిని నలుగురు కలిసి నెట్టొచ్చు. ఆగని బండిని ఎవరు పట్టుకుంటారు? పాత జీపును ముచ్చటపడి బాగుచేయించుకునే వాళ్లు ఇంజనుకు, రంగుకు, టైర్లకు వేలకు వేలు పోస్తారు. బ్రేకుల దగ్గరికొచ్చేసరికి మాత్రం ఒకటే మాట: ‘వెనక డ్రమ్ములు పీకేసి డిస్కులు వేయించేద్దామా?’

వేయించొచ్చు. కానీ ముందు డ్రమ్ము సంగతేమిటో తెలుసుకోవాలి కదా!

పెడల్ తొక్కగానే బ్రేక్ ఆయిల్ ఒత్తిడికి వీల్ సిలిండర్ పనిచేసి, రెండు షూలను డ్రమ్ము లోపలి గోడకు అదుముతుంది. తిరుగుతున్న డ్రమ్ము ముందు షూను తన వెంట లాక్కుని ఇంకాస్త బిగిస్తుంది. బూస్టరు లేని పాత జీపు కూడా ఆగుతోందంటే ఆ పుణ్యమే. మరి చిక్కెక్కడ? వాగు దాటితే నీళ్లు, బురద లోపల చేరి ఓ పట్టాన వదలవు. తడిసిన లైనింగ్ పట్టు ఇవ్వదు. పాడేరు, మారేడుమిల్లి లాంటి ఘాట్లలో అదే పనిగా బ్రేకు తొక్కుతూ దిగితే డ్రమ్ము వేడెక్కి వ్యాకోచిస్తుంది. పెడల్ కిందికి జారిపోతుంది.

డిస్కుకు ఈ బాధలు తక్కువ. బయటికి ఉంటుంది కాబట్టి నీటిని విదిల్చేస్తుంది, త్వరగా చల్లబడుతుంది. ప్యాడ్లు మార్చడం కూడా తేలికే.

అయితే డిస్కు, క్యాలిపర్ బిగిస్తే పని అయిపోదు. డిస్కుకు తనంతట తాను బిగుసుకునే గుణం లేదు. బూస్టరు లేకపోతే కాలు గట్టిగా తొక్కాల్సిందే. క్యాలిపర్‌కు ఎక్కువ ఆయిల్ కావాలి. పాత మాస్టర్ సిలిండర్ అంత అందించలేకపోతే పెడల్ నేలకు తగులుతుంది. డ్రమ్ముల కోసం లైనులో కొంత ఒత్తిడి నిలిపి ఉంచే వాల్వు ఉంటే దాన్ని మార్చాలి. లేదంటే ప్యాడ్లు డిస్కును రుద్దుకుంటూనే ఉంటాయి. క్యాలిపర్ చక్రం రిమ్ముకు తగలకుండా ఉందో లేదో కూడా చూసుకోవాలి.

ఇక హ్యాండ్ బ్రేకు. చాలా బండ్లలో అది వెనక డ్రమ్ముల మీదే ఆధారపడుతుంది. డ్రమ్ము తీసేస్తే అదీ పోయినట్టే. హ్యాండ్ బ్రేకు సదుపాయం ఉన్న క్యాలిపర్లే ఎంచుకోవాలి. పాతకాలపు విల్లీస్ రకం జీపుల్లో హ్యాండ్ బ్రేకు ట్రాన్స్‌ఫర్ కేసు వెనకున్న షాఫ్టును పట్టుకునేది. అలాంటి బండికి ఈ బెంగ లేదు.

అన్నిటికన్నా పెద్ద ప్రమాదం ఇంకోటుంది. బ్రేకు వేయగానే బండి బరువు ముందుకు ఒరుగుతుంది. సగానికి మించిన పని ముందు చక్రాలదే. వెనక చక్రాలు తేలికపడిపోతాయి. వెనక బ్రేకు అవసరానికి మించి పట్టేసిందా, ఆ చక్రాలు ముందే బిగుసుకుని బండి గిర్రున తిరుగుతుంది. ముందు డ్రమ్ములుంచి వెనక డిస్కులు వేయడం తలకిందుల వ్యవహారమనేది అందుకే. 2020లో వచ్చిన థార్‌కు సైతం ముందు డిస్కులు, వెనక డ్రమ్ములే ఇచ్చారు మరి!

కాబట్టి డబ్బు ఖర్చుపెట్టడానికి ఓ వరస ఉంది. మొదట ఉన్న డ్రమ్ములనే దారిలో పెట్టించండి. లైనింగులు, వీల్ సిలిండర్లు, రబ్బరు గొట్టాలు మార్పించి, షూలు సర్దించి, ఎయిర్ తీయించి, కొత్త ఆయిల్ పోయించండి. బాగాలేదనుకున్న బండి సగం ఇక్కడే బాగుపడుతుంది. చాలా పాత జీపుల్లో నాలుగు చక్రాలకూ ఒకే లైను. ఒక్క పైపు పగిలితే అన్ని బ్రేకులూ పోతాయి. రెండు లైన్ల మాస్టర్ సిలిండర్, బూస్టరు రెండో మెట్టు. ముందు డిస్కులు మూడోది. వెనక డిస్కులు ఆఖరుది, అదీ వెనక ఒత్తిడిని అదుపుచేసే వాల్వుతో సహా.

పాత లైనింగుల్లో ఆస్‌బెస్టాస్ ఉండొచ్చు. ఆ ధూళిని గాలి కొట్టి ఊదనివ్వకండి. తడిగుడ్డతో తుడిపించండి. పిల్లల్ని ఆ దరిదాపులకు రానివ్వకండి.

చట్టం మాటేమిటంటారా? తయారీదారు ఇచ్చిన నమూనాకు భిన్నంగా బండిని మార్చకూడదని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ చెబుతోంది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే స్పష్టం చేసింది. పని మొదలుపెట్టకముందే రవాణా శాఖ కార్యాలయంలో అడిగి, అనుమతి కాగితం మీద తీసుకోండి. బీమా కంపెనీకీ చెప్పండి. ప్రమాదం జరిగాక చెబితే వినేవాళ్లుండరు.

డ్రమ్ములతోనే తిరిగేవాళ్లకు రెండు చిట్కాలు. వాగు దాటాక కొంత దూరం నెమ్మదిగా పోతూ బ్రేకును మెత్తగా తొక్కితే తడి ఆరుతుంది. ఘాటు దిగేటప్పుడు చిన్న గేరు వేయండి, భారం ఇంజను మోస్తుంది. ఈ రెండింటికీ పైసా ఖర్చు లేదు, ఎవరి అనుమతీ అక్కర్లేదు!