పిదికిన మాట

ఆంగ్లంలో "మిల్క్", డచ్చిలో "మెల్క్", స్వీడిష్‌లో "మ్యోల్క్", 4వ శతాబ్దపు గోథిక్ బైబిలులో "మిలుక్స్". ఈ జర్మానిక్ భాషల మాటలన్నీ పాలకే పేర్లు. వీటిని విన్న సంస్కృతాభిమానికి "మృజ్" ధాతువు స్ఫురించక మానదు. తుడుచుట దాని అర్థం. మార్జనం, సమ్మార్జని దాని సంతానమే. పొదుగును నిమిరి పిదుకుతాము గనుక "మిల్క్" సంస్కృతజన్యమేనని తీర్పు చెప్పడం సులభం. అది తొందరపాటు తీర్పని నా అభిప్రాయం.

చెవికి ఒకటిగా వినిపించినంత మాత్రాన మాటలకు చుట్టరికం కుదరదు. ధ్వనులు మారడానికొక క్రమం ఉండాలి. మనకు తెలిసినదే చూడండి: మన పాలు, పులి, పాము కన్నడంలో హాలు, హులి, హావు. పకారం హకారమవడం ఒక్క మాటకు పరిమితం కాలేదు; అందుకే ఆ చుట్టరికాన్ని నమ్ముతాము.

1822లో యాకోబ్ గ్రిమ్ జర్మానిక్ భాషలకు ఇటువంటి నియమాన్నే ప్రతిపాదించాడు. లాటిన్ గకారమున్న చోట వాటిలో కకారం వస్తుంది. పొలానికి లాటిన్‌లో "అగెర్", ఆంగ్లంలో "ఏకర్", వేదభాషలో "అజ్ర". అట్లే పిదుకుటకు లాటిన్‌లో "ముల్గేరే", గ్రీకులో "అమెల్గో", జర్మానిక్‌లో "మిల్క్".

ఈ లెక్కన మృజ్‌లోని జకారం సరిగానే కుదురుతుంది. చిక్కంతా ఋకారంతోనే. ప్రాచీనమైన రేఫ, లకారాలు రెండూ సంస్కృతంలో తరచు ఒకటైపోయాయి. గ్రీకులో కోయుటకు "అమెర్గో" అనే వేరొక క్రియ ఉంది. మృజ్ దాని చుట్టమే గాని "అమెల్గో" చుట్టం కాదని వాదించే పండితులున్నారు. ఒకవేళ చుట్టరికం నిజమే అయినా, మృజ్ "మిల్క్"కు తోబుట్టువు అవుతుందే గాని తల్లి కాజాలదు.

నిస్సందేహంగా చెప్పదగిన పోలిక వేరొకటి ఉంది. "దుహ్" అంటే పిదుకుట, దుగ్ధమంటే పిదుకబడినది. "మిల్క్" కూడా పిదుకుట అనే క్రియ నుండే పుట్టిందని పండితుల సాధారణాభిప్రాయం. ధాతువులు వేరు, ఊహ ఒక్కటే. ఆవు ముందు చెంబు పట్టుకొని కూర్చున్న మనిషి ఎక్కడివాడైనా ఒకే తీరున ఆలోచించాడన్నమాట.

సంస్కృతాన్ని సకల భాషలకూ తల్లిని చేస్తే దాని గౌరవం పెరుగుతుందని కొందరి భ్రమ. ప్రమాణం లేని పెద్దరికం కంటే ప్రమాణమున్న బంధుత్వమే ఆ భాషకు శోభ. విజ్ఞులు ఆలోచింతురు గాక.