మనసు మందుతో పాటే షుగరు పరీక్ష

స్కిజోఫ్రెనియాకు మందు మొదలైన రెండు మూడు నెలల్లో చాలామంది ఒళ్లు చేస్తారు. కుర్రాడికి నిద్ర పడుతోంది, గొడవల్లేవు, అడిగి మరీ అన్నం పెట్టించుకుంటున్నాడు. ఇంట్లోవాళ్లకు కొండంత ఊరట. ప్యాంటు నడుం దగ్గర పట్టడం లేదన్న సంగతి ఆ ఊరటలో ఎవరికీ పట్టదు. గొంతెండుతోందని రాత్రంతా నీళ్లు తాగినా, మాటిమాటికీ మూత్రానికి లేచినా ‘మందు వేడి చేసింది’ అని సరిపెట్టుకుంటారు. అది షుగరు కావచ్చన్న అనుమానం ఆసుపత్రిలో రావాలి. అక్కడా రాకపోవడమే మన అభ్యంతరం.

ఓలంజపిన్, క్లోజపిన్ మందులు ఆకలినీ బరువునూ పెంచుతాయి. బరువు పెరగనివారిలోనూ కొందరికి ఇన్సులిన్ పనితీరును దెబ్బతీస్తాయి. రిస్పెరిడోన్, క్వెటియాపిన్‌లతో ముప్పు కాస్త తక్కువ, అరిపిప్రజోల్‌తో ఇంకా తక్కువ. ఈ సంగతి తెలియనిది కాదు. కొత్త తరం మందులన్నిటిపైనా షుగరు హెచ్చరిక ఉండాలని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2003లోనే చెప్పింది. మందు మొదలుపెట్టేనాడే బరువు, నడుం కొలత, బీపీ, పరగడుపు షుగరు, కొలెస్ట్రాల్ చూడాలనీ, షుగరు 12 వారాలకు మళ్లీ, ఆపైన ఏటా చూడాలనీ అక్కడి మధుమేహ, మానసిక వైద్య సంఘాలు 2004లో కలిసి నిర్ణయించాయి. తీవ్ర మానసిక రుగ్మతలున్నవారు మిగతావారికంటే 10 నుంచి 20 ఏళ్ల ముందే చనిపోతున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. వారిలో ఎక్కువమందిని బలిగొంటున్నవి నివారించదగ్గ శారీరక జబ్బులే.

మన దేశంలో ప్రభుత్వ షుగరు పరీక్షల కార్యక్రమం 30 ఏళ్లు దాటినవారికి. స్కిజోఫ్రెనియా సాధారణంగా బయటపడేది అంతకుముందే. ఇరవై రెండేళ్ల రోగి ఆ లెక్కలోకే రాడు. మానసిక వైద్యుడేమో షుగరు తన శాఖ కాదంటాడు, షుగరు డాక్టరేమో మనసు మందుల జోలికి రానంటాడు. నడుమ నలిగేది రోగి. మానసిక రోగులకూ శారీరక రోగులతో సమానంగా వైద్యం అందాలని 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 21వ సెక్షన్ చెబుతున్నా ఇదే పరిస్థితి.

ఎర్రగడ్డ, విశాఖ మానసిక వైద్యశాలలు మొదలుకొని జిల్లా ఆసుపత్రుల దాకా ప్రతి ఓపీ చీటీ మీద బరువు, నడుం, బీపీ, షుగరు గడులు ఉండి తీరాలి. రెండు తెలుగు రాష్ట్రాలూ ఈ మేరకు ఉత్తర్వులివ్వాలి. అత్యవసరమైతే మందు ముందివ్వండి, పరీక్ష మాత్రం ఆ వారం దాటకూడదు. దీనికి కావలసింది ఒక టేపు, ఒక తూకం, బీపీ మిషను, గ్లూకోమీటరు. మగవారికి నడుం 90 సెంటీమీటర్లు, ఆడవారికి 80 దాటితే మనవాళ్లలో ముప్పు ఉన్నట్టే. షుగరు పెరుగుతుంటే మందు మార్చాలా, మెట్‌ఫార్మిన్ కలపాలా అన్నది ఆ ఓపీలోనే తేలాలి. చీటీ రాసిచ్చి మరో ఆసుపత్రికి తిప్పితే సగంమంది దారిలోనే ఆగిపోతారు.

కుటుంబాలకూ ఒక మాట. షుగరు భయంతో మందు మీ అంతట మీరు ఆపకండి, జబ్బు తిరగబెడుతుంది. ఈసారి ఓపీకి వెళ్లినప్పుడు షుగరు పరీక్ష రాయమని అడగండి. రాసేదాకా కుర్చీలోంచి లేవకండి.