ఒక్క ఓటు దూరంలో ఆగిన ఆట

2005 జులై 8. లండన్ ఒలింపిక్స్‌లో ఏ ఆటలు ఉండాలో తేల్చడానికి అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ సభ్యులు సింగపూర్‌లో రహస్య ఓటింగ్ జరుపుతున్నారు. మహిళల సాఫ్ట్‌బాల్ వంతు వచ్చింది. అనుకూలంగా 52, వ్యతిరేకంగా 52 ఓట్లు పడ్డాయి. ఒక సభ్యుడు ఎటూ ఓటెయ్యలేదు. నెగ్గాలంటే సగానికి మించి రావాలి కాబట్టి సమానంగా వచ్చినా ఓడినట్టే. 1996లో అట్లాంటాలో ఒలింపిక్స్ గడప తొక్కిన ఆటకు, పదేళ్లు నిండకముందే గేటు మూసేశారు. అప్పటికే ఖరారైన 2008 బీజింగ్ ఒక్కటే మిగిలింది.

ఆ ఓటు వెనక రెండు వాదనలు నడిచాయి. సాఫ్ట్‌బాల్ అంటే అమెరికా ఆట, ఇంకెవరికీ గెలిచే వీల్లేదన్నది ఒకటి. 2004 ఏథెన్స్‌లో అమెరికా అమ్మాయిలు టోర్నీ మొత్తం మీద 51 పరుగులు చేసి ఒక్కటంటే ఒక్కటే ఇచ్చారు. ఆ లెక్క చూపించి ఇదేం పోటీ అన్నవాళ్లున్నారు. రెండోది బేస్‌బాల్‌తో చుట్టరికం. అమెరికా ప్రొఫెషనల్ లీగ్ తన స్టార్ ఆటగాళ్లను ఒలింపిక్స్‌కు వదలకపోవడం, డోపింగ్ మరకలు బేస్‌బాల్‌కు చెడ్డపేరు తెచ్చాయి. వాటితో ఏ సంబంధమూ లేని మహిళల ఆటను కూడా అదే గాటన కట్టేశారు. ఇది అన్యాయం. పక్కవాడి తప్పుకు ఇంకొకరికి జరిమానా వెయ్యడమే.

మొదటి వాదన కూడా నిలిచేది కాదు. 2000 సిడ్నీలో అమెరికా లీగ్ దశలో వరసగా మూడు మ్యాచ్‌లు ఓడింది, జపాన్ చేతిలో, చైనా చేతిలో, ఆస్ట్రేలియా చేతిలో. పతకాల దశలో ఆ మూడు జట్లనే ఒక్కొక్కటిగా దాటుకుంటూ ఫైనల్ గెలిచింది. ఆ ఫైనల్‌లో ముందు ఆధిక్యం సాధించింది జపానే. చైనాలో పుట్టి, ఒకప్పుడు చైనా జట్టుకే ఆడి, తర్వాత జపాన్ పౌరసత్వం తీసుకున్న రెయికా ఉత్సుగి హోమ్‌రన్ కొట్టి 1-0 చేసింది. అమెరికా సమం చేసింది. ఆట 8వ ఇన్నింగ్స్‌కు వెళ్లింది. వర్షానికి తడిసిన మైదానంలో ఎడమవైపు ఫీల్డర్ బంతిని అందుకోబోయి జారవిడిచింది. 2-1. ఆ ఒక్క బంతి చేతిలో ఆగి ఉంటే బంగారం ఎవరిదయ్యేదో చెప్పలేం.

బీజింగ్‌లో ఇక చెప్పనక్కర్లేదు. ఒలింపిక్స్‌లో వరసగా 22 విజయాలతో అమెరికా ఫైనల్‌కు వెళ్లింది. జపాన్ పిచర్ యుకికో ఉయెనో 2008 ఆగస్టు 20న ఒకే రోజు రెండు మ్యాచ్‌లు ఆడింది. అమెరికాతో 9 ఇన్నింగ్స్ ఆడి ఓడింది. ఆస్ట్రేలియాతో 12 ఇన్నింగ్స్ ఆడి గెలిచింది. ఆ రోజు ఆమె వేసిన బంతులు 318. మర్నాడు ఫైనల్లో మళ్లీ తనే బంతి పట్టుకుంది. ఇంకో 95 బంతులు వేసి, జట్టును 3-1తో గెలిపించింది. రెండు రోజుల్లో 413 బంతులు! అమెరికాను ఎవరూ ఓడించలేరన్న వాదనకు ఇంతకంటే జవాబు ఏం కావాలి? కానీ తీర్పు వచ్చి మూడేళ్లయిపోయింది. పతకాలందుకున్నాక మూడు జట్ల అమ్మాయిలూ మైదానంలో పసుపుపచ్చ బంతులను వరసగా పేర్చి ‘2016’ అని రాశారు. అప్పటికైనా మమ్మల్ని మళ్లీ పిలవండన్నది వాళ్ల విన్నపం. రియోకూ పిలుపు రాలేదు.

ఒలింపిక్స్ ఈ ఆటకు మధ్యలో వచ్చిన చుట్టం. సాఫ్ట్‌బాల్ సొంతిల్లు ప్రపంచ ఛాంపియన్‌షిప్. అది 1965లోనే మెల్‌బోర్న్‌లో మొదలైంది. వచ్చినవి ఐదే జట్లు: ఆస్ట్రేలియా, అమెరికా, జపాన్, న్యూజిలాండ్, పపువా న్యూగినీ. ఫైనల్లో ఆస్ట్రేలియా 1-0తో అమెరికాను ఓడించింది. మగవాళ్ల సాఫ్ట్‌బాల్ ప్రపంచ పోటీ ఆ మరుసటి ఏడాది గానీ మొదలవలేదు. క్రికెట్‌లో 1973 మహిళల ప్రపంచ కప్పు పురుషుల కప్పు కంటే రెండేళ్లు ముందన్న సంగతి మన క్రికెట్ అభిమానుల్లో చాలామందికి తెలుసు. ఆ ఘనత సాఫ్ట్‌బాల్ ఆడవాళ్లు అంతకు ముందే సాధించారు.

మెల్‌బోర్న్‌కు వెళ్లిన అమెరికా జట్టు నిజానికి ఒక ఫ్యాక్టరీ జట్టు. కనెటికట్ రాష్ట్రంలోని స్ట్రాట్‌ఫోర్డ్‌లో వాహనాల బ్రేక్ లైనింగులు తయారు చేసే రేబెస్టోస్ కంపెనీ నడిపిన టీమ్ అది. పేరు కూడా ‘బ్రేకెట్స్’. తొమ్మిదేళ్ల తర్వాత అదే ఊళ్లో జరిగిన ఛాంపియన్‌షిప్‌లో అమెరికా తొలిసారి కప్పు గెలిచింది.

అక్కణ్నుంచి రికార్డు చూస్తే దాదాపు రెండు దేశాల పేర్లే కనిపిస్తాయి. 2024 దాకా జరిగిన 17 ప్రపంచ పోటీల్లో అమెరికా 11 సార్లు, జపాన్ 4 సార్లు గెలిచాయి. 1986 నుంచి 2010 దాకా అమెరికా వరసగా ఏడుసార్లు నెగ్గింది. 1982లో తైపేలో గెలిచిన న్యూజిలాండ్ తర్వాత మూడో దేశానికి కప్పు దక్కలేదు.

దీనికి కారణం ప్రతిభ ఆ రెండు దేశాల్లోనే పుట్టడం కాదు. ఆడపిల్లకు స్కూలు దాటాక కూడా ఆడే చోటు ఆ రెండు దేశాల్లో ఉండటం. ప్రభుత్వ నిధులు తీసుకునే విద్యాసంస్థల్లో ఆడ, మగ తేడా చూపకూడదని 1972లో అమెరికా చేసిన చట్టం, కాలేజీల్లో మహిళల జట్లకు, స్కాలర్‌షిప్పులకు దారి తెరిచింది. కాలేజీ జట్ల జాతీయ ఫైనల్స్ ఏటా ఓక్లహోమా సిటీలో కిక్కిరిసిన జనం మధ్య జరుగుతాయి. జపాన్‌లో ఆ పని కంపెనీలు చేశాయి. టొయోటా, హోండా, డెన్సో, బిక్ కెమెరా లాంటి సంస్థలు సొంత జట్లు పెట్టి, ఆటగత్తెలకు ఉద్యోగాలిచ్చాయి. ఇరవై ఏళ్ల అమ్మాయి ముప్పై తొమ్మిది వచ్చేదాకా ఆడగలిగిందంటే ఆ జీతమే ఆధారం. మిగతా దేశాల్లో చాలాచోట్ల ఈ రెండూ లేవు. అక్కడ ఆట ప్రభుత్వ సొమ్ము మీద, ఆ సొమ్ము ఒలింపిక్ పతకం మీద ఆధారపడి ఉంటుంది. ఒలింపిక్స్ నుంచి తీసేస్తే ముందు ఎండిపోయేది అలాంటి చోటే. 1996లో రజతం గెలిచిన చైనా, ఆట తిరిగి వచ్చిన 2021 టోక్యో ఒలింపిక్స్‌కు అర్హత కూడా సాధించలేకపోయింది. ఒకే దేశం గెలుస్తోందని తీసేసిన ఆటలో, తీసేసినందువల్లే మరిన్ని దేశాలు వెనకబడ్డాయి.

ఆట తెలియనివాళ్లకు ఇది నెమ్మదైన బేస్‌బాల్ అన్న అపోహ ఉంది. పిచర్ బంతిని భుజం కింద నుంచి గిర్రున తిప్పి వేస్తుంది కాబట్టి తేలిగ్గా వస్తుందనుకుంటారు. పిచర్ నిలబడే చోటు నుంచి బ్యాటర్‌కు దూరం 43 అడుగులు, అంటే 13.1 మీటర్లు. బంతి గంటకు 110 కిలోమీటర్ల వేగంతో వస్తే బ్యాటర్ చేతిలో ఉండేది 0.43 సెకన్లు. 22 గజాల క్రికెట్ పిచ్ మీద 140 కిలోమీటర్ల వేగంతో వచ్చే బంతికి కూడా 0.5 సెకన్ల పైచిలుకు సమయం దొరుకుతుంది. పైగా సాఫ్ట్‌బాల్ పిచర్ చేతి నుంచి బంతి నడుం కింద ఎత్తులో బయల్దేరి, పైకి లేస్తున్నట్టు కనిపిస్తూ బ్యాటు మీదుగా వెళ్లిపోతుంది. ఏడు ఇన్నింగ్స్‌ల మ్యాచ్‌లో ఒక్క పరుగే తేడా అయ్యే సందర్భాలు ఎన్నో.

2021లో టోక్యో ఒలింపిక్స్ ఈ ఆటకు మళ్లీ తలుపు తెరిచింది. ప్రారంభోత్సవానికి రెండు రోజుల ముందు, జులై 21న, ఫుకుషిమాలో ఖాళీ గ్యాలరీల మధ్య మొత్తం క్రీడోత్సవంలోని తొలి మ్యాచ్‌గా సాఫ్ట్‌బాల్ జరిగింది. జపాన్ 8-1తో ఆస్ట్రేలియాను ఓడించింది. జులై 27న యోకొహామాలో ఫైనల్. మళ్లీ ఉయెనో, మళ్లీ అమెరికా. ఈసారి కోచ్ రెయికా ఉత్సుగి, సిడ్నీ ఫైనల్లో హోమ్‌రన్ కొట్టిన ఆమే. 6వ ఇన్నింగ్స్‌కు జపాన్ 2-0 ముందుంది. ఉయెనో స్థానంలో ఇరవై ఏళ్ల మియు గోటో బంతి అందుకుంది. అమెరికా రన్నర్లు బేస్‌ల మీద ఉన్నారు. అమాండా చిడెస్టర్ బలంగా కొట్టిన బంతి థర్డ్ బేస్ దగ్గరున్న యు యమమోటో చేతికి తగిలి ఎగిరింది. అది నేల తాకకముందే షార్ట్‌స్టాప్ మానా అత్సుమి అందుకుని, క్షణం ఆలస్యం చెయ్యకుండా సెకండ్ బేస్‌కు విసిరింది. ఒక్క దెబ్బకు ఇద్దరు అవుట్. సాఫ్ట్‌బాల్‌లో మొదట ఆడి బయటికెళ్లినవాళ్లు ఒకసారి తిరిగి రావచ్చు. ఆ నిబంధన ప్రకారం 7వ ఇన్నింగ్స్‌లో ఉయెనో మళ్లీ వచ్చి మ్యాచ్ ముగించింది. బీజింగ్ తర్వాత పదమూడేళ్లకు రెండో బంగారం, అదీ 39వ ఏట.

ఆ పతకాల తర్వాత 2024 పారిస్‌లో ఆట మళ్లీ లేదు. 2028 లాస్ ఏంజెలెస్‌లో ఉంటుంది, మ్యాచ్‌లు ఓక్లహోమా సిటీలో. ఆతిథ్య నగరం ఇష్టాన్ని బట్టి ఒకసారి లోపలికి, ఒకసారి బయటికి వెళ్లే ఆటను నమ్ముకుని పద్నాలుగేళ్ల అమ్మాయి భవిష్యత్తు ఎలా వేసుకుంటుంది? మన తెలుగు రాష్ట్రాల్లో కూడా స్కూల్ గేమ్స్‌లో సాఫ్ట్‌బాల్ ఆడే ఆడపిల్లలున్నారు. వాళ్లను వేధించే ప్రశ్న కూడా ఇదే. పదో తరగతి, ఇంటర్ దాటాక ఏ మైదానం?

అందుకే ప్రపంచ కప్‌కు ఒలింపిక్స్ కంటే ఎక్కువ విలువ ఇవ్వాలి. ఇక్కడ పునాది ఎవరి ఓటు మీదా లేదు. 2012లో కెనడాలోని వైట్‌హార్స్‌లో జపాన్ 42 ఏళ్ల తర్వాత కప్పు గెలిచినప్పుడు ఒలింపిక్స్‌లో ఈ ఆటే లేదు. 2018 చిబా ఫైనల్లో అమెరికా 10వ ఇన్నింగ్స్‌లో 7-6తో గెలిచినంత ఉత్కంఠ ఒలింపిక్స్‌లోనూ అరుదు. తాజా కప్పు 2023లో మూడు గ్రూపులుగా 18 జట్లతో మొదలై, 2024 జులైలో ఉత్తర ఇటలీలోని కాస్టియోన్స్ డి స్ట్రాడా అనే చిన్న ఊళ్లో ఎనిమిది జట్ల ఫైనల్స్‌తో ముగిసింది. జపాన్ 6-1తో అమెరికాపై నెగ్గింది. అమెరికాలో 2025లో మొదలైన మహిళల ప్రొఫెషనల్ లీగ్‌లో మేజర్ లీగ్ బేస్‌బాల్ పెట్టుబడి పెట్టింది. ఇవి మంచి గుర్తులే. అయితే డబ్బూ ప్రసారాలూ ఈ రెండు దేశాల దగ్గరే ఆగిపోకుండా అంతర్జాతీయ సమాఖ్య చూసుకోవాలి. ఆఫ్రికా, దక్షిణాసియా జట్ల ప్రయాణ ఖర్చులు భరించడం, ప్రపంచ కప్పు తేదీలు నాలుగేళ్ల ముందే ఖరారు చెయ్యడం దాని చేతిలో ఉన్న పనులే. టోక్యోలో ఆరు జట్లకే చోటు దొరికింది. అందులో ఐరోపా, ఆఫ్రికా ఖండాలు రెండింటికీ కలిపి ఒకటే. దాన్ని ఇటలీ గెలుచుకుంది. ఆ ఖండాల్లో మిగిలిన జట్లన్నీ ఇళ్లలో కూర్చుని టీవీలో చూశాయి.