చెరువు హద్దు – చిన్న ఇల్లు

1369లో బుక్కరాయల కుమారుడు భాస్కరుడు కడప జిల్లాలోని పోరుమామిళ్ల చెరువును కట్టించి ఒక సంస్కృత శాసనము వేయించెను. మంచి చెరువునకు పండ్రెండు అంగములను, ఆరు దోషములను ఆ శాసనము పేర్కొన్నది. రెండు రాజ్యముల సరిహద్దున చెరువుండుట ఆ దోషములలో ఒకటి. వానకు మొగము వాచిన సీమలో పూర్వులు చెరువును అంతటి శ్రద్ధతో చూచిరి. అట్టి చెరువుల అంచున కూలిన పాత ఇంటిని మరల కట్టుకొనవచ్చునా అన్నది నేటి ప్రశ్న.

అదే జిల్లాలోని ఒంటిమిట్టలో ఈ ప్రశ్నకు బలము హెచ్చు. ఇచట కోదండరామాలయము ఉన్నది, ఊరికి చెరువున్నది. 2015 నుండి శ్రీరామనవమి ప్రభుత్వోత్సవములు ఇచట జరుగుచున్నవి. ఆ ఏటనే ఆలయము తిరుమల తిరుపతి దేవస్థానముల నిర్వహణలోనికి వచ్చినది. క్షేత్రము పెరిగినచో నేలకు గిరాకి పెరుగుట సహజము. కరవు ఏండ్లలో చెరువు ఎండి, దాని అంచు ఎచట నుండెనో జనులు మరచుటయు సహజమే.

ఆంధ్రప్రదేశ్ భవన నిర్మాణ నియమములు (2017) పది హెక్టారులు, అంతకు మించిన చెరువు హద్దు నుండి 30 మీటర్లు, అంతకంటె చిన్న చెరువులు, కుంటల నుండి 9 మీటర్లు ఖాళీగా విడువవలెనని చెప్పుచున్నవి. ఈ కొలతను ఒంటిమిట్ట వంటి ఊరిలో మూడు సెంట్ల స్థలమునకు వేసి చూడవలెను. మూడు సెంట్లనగా ఇంచుమించు 121 చదరపు మీటర్లు. చదరమైనచో ప్రక్కకు 11 మీటర్లు. హద్దును ఆనుకొనియున్నచో కుంట చెంత 2 మీటర్లు మిగులును. పెద్ద చెరువు చెంత ఏమియు మిగులదు. ఎకరము గలవాడు వెనుకకు జరిగి మేడ కట్టును. మూడు సెంట్లవాడు ఎచటికి జరుగును? నియమము అందరికి ఒక్కటే. బరువు మాత్రము ఒక్కటి కాదు.

అట్లని అడిగినవారికెల్ల సడలింపు నిచ్చినచో, పేదవాని పేర తెరచిన తలుపున ధనికుడే ముందు దూరును. 2024లో హైదరాబాదున హైడ్రా చెరువులలోని కట్టడములను కూల్చినపుడు విలాస భవనములతోపాటు చిన్న ఇండ్లును నేలకూలినవి. పలువురు అనుమతి పత్రములు చూపి మొరపెట్టుకొనిరి. ఆ నవంబరు 13న సుప్రీంకోర్టు, కూల్చుటకు ముందు 15 దినముల నోటీసు ఉండవలెనని తీర్పు చెప్పుచునే, జలాశయములలోని అక్రమ కట్టడములకు ఆ రక్షణ వర్తింపదన్నది.

నీటి పక్షమును వినవలెను. 2021 నవంబరు 19న చెయ్యేటిపై అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి, ఒంటిమిట్టకు పొరుగైన రాజంపేట ప్రాంతమున పులపత్తూరు మున్నగు గ్రామములలో ఇండ్లు కొట్టుకొనిపోయినవి. కట్ట తెగుట వేరు, చెరువు నిండుట వేరు; ఐనను నీటికి విడిచిన నేల వ్యర్థము కాదని ఆ దినము తెలిపినది.

కావున ముందుగా కావలసినది హద్దురాయి. పూర్తి నీటిమట్టమును కొలిచి, రాళ్లు నాటి, పటమును ఊరిలో అందరు చూచునట్లు ఉంచవలెను. ఆ హద్దు లోపల ఎవరికిని సడలింపు తగదు. అచట ఏండ్లుగా బ్రదుకుచున్న పేదకు అదే ఊరిలో వేరు స్థలము చూపిన పిదపనే ఇల్లు తీయించవలెను. హద్దు వెలుపల పాత పట్టాగల చిన్న ఇంటివానికి, పాత పునాదికి మించకుండ, మురుగు చెరువులో కలియకుండ తిరిగి కట్టుకొను అవకాశము ఇయ్యవచ్చును. కొత్త మేడలకు అది చెల్లరాదు.

నేడు చెరువు నీరు ఒక శాఖది, నేల వేరొక శాఖది, ఇంటి అనుమతి మరియొకరిది. రాజ్యములు పోయినవి కాని, శాసనము చెప్పిన ఆ సరిహద్దు దోషము పోలేదు. ఈ ముగ్గురు ఒక్క పటము ముందు కూర్చున్ననాడే చెరువుకు, చిన్న ఇంటికి న్యాయము జరుగును.